చెక్కవిల్లు పొడవుతో వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

హైదరాబాద్‌లో చాలా వెదురు విళ్ల తలరాత బొంగు కొనే దగ్గరే తేలిపోతుంది. ఆటోలో పట్టదని బొంగును అయిదడుగులకు కోయించుకుంటాం. ఆ 60 అంగుళాల బద్దతోనే 28 అంగుళాల వరకు లాగే విల్లు చేయాలని కూర్చుంటాం. తరువాత విల్లు మొరాయిస్తే వెదురునో, చిత్రిక పట్టిన తీరునో తప్పుబడతాం గాని, రెండు కొప్పుల (కొనల్లో నారి తగిలే గంట్ల) మధ్య దూరాన్ని టేపుతో కొలిచి చూడము. కింది లక్షణాల్లో ఏది కనిపించినా మొదట ఆ కొలత తీసుకోండి.

చివరి రెండు అంగుళాల్లో విల్లు బిగుసుకుపోతుంది, వేళ్లు నారిలో నలుగుతాయి

విల్లు పొట్టిదైందనడానికి ఇదే అసలైన గుర్తు. లాగేకొద్దీ నారికీ రెక్క (పిడికి అటూ ఇటూ వంగే భాగం) కొనకూ మధ్య కోణం పెరుగుతుంది. అది 90 డిగ్రీలకు చేరువై దాటుతున్నప్పుడు రెక్కమీద నారికి ఉన్న పట్టు తగ్గి, ప్రతి అంగుళానికీ లాగవలసిన బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. స్ప్రింగ్ త్రాసు కొక్కానికి నారి తగిలించి, అంగుళం అంగుళానికీ అంకె రాసుకుంటే సంగతి తేటతెల్లమవుతుంది. నా మొదటి విల్లు 26 అంగుళాల దాకా అంగుళానికి రెండేసి పౌండ్లు పెరిగి, 27వ అంగుళానికి నాలుగు, 28వ అంగుళానికి అయిదు పౌండ్లు పెరిగింది.

రెక్కలను పలచన చేస్తే మొత్తం బరువు తగ్గుతుంది గాని ఈ బిగువు పోదు, ఎందుకంటే ఆ కోణాన్ని ముఖ్యంగా నిర్ణయించేవి విల్లు పొడవూ లాగే దూరమూ. అందువల్ల ఆ విల్లును 26 అంగుళాల దగ్గరే ఆపండి, లేదా అంతే లాగే పిల్లలకు, పొట్టి చేతులవారికి ఇవ్వండి. కొనలను ఆవిరి పట్టి లక్ష్యం వైపు వంచితే కోణం మెరుగవుతుంది. అయితే రెక్కలపై ఒత్తిడి పెరుగుతుంది కనుక, ఇప్పటికే వాలిన (నారి విప్పినా వంగే ఉండే) విల్లుకు ఆ పని చేయవద్దు.

నారి విప్పినా విల్లు వంగే ఉంటుంది, లోపలి వైపు అడ్డంగా సన్నని గీతలు పడతాయి

పొట్టి రెక్క అంతే దూరం లాగడానికి ఎక్కువగా వంగాలి. అప్పుడు నారి వైపున్న చెక్క పోగులు నలిగి, తిరిగి సాగలేవు. గుర్రపు స్వారీ విళ్లు అంత పొట్టిగా ఉండగలిగాయంటే, వాటి లోపలి వైపు నలుగుడును ఓర్చే కొమ్ము, వెలుపల సాగుడును ఓర్చే నరాలు (కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు) ఉండబట్టే. ఒట్టి చెక్కకు ఆ ఓర్పు లేదు. కొనలు ఒకటిన్నర అంగుళం వాలడం మామూలే. మూడు అంగుళాలు దాటితే లాగే బరువు తగ్గించాలి, పిడి బిరుసుగా ఉంటే దాన్ని కూడా కొద్దిగా వంగనిచ్చి పని పంచాలి. గీతలు పడ్డచోట మాత్రం చెక్క తీయకూడదు. దానికి రెండు పక్కలా ఆకురాయితో తేలికగా గీకితే ఒత్తిడి పక్కకు మళ్లుతుంది. గీత వేలిగోటికి తగిలేంత లోతైతే, చెప్పడానికి బాధగానే ఉన్నా, ఆ విల్లును ఇక లాగవద్దు.

ఒక్క జాగ్రత్త: జూలై, ఆగస్టుల్లో వానగాలి తేమ పీల్చిన మంచి పొడవైన విల్లు కూడా లాగే బరువు తగ్గి వాలుతుంది. పది రోజులు పొడిచోట ఉంచి, మళ్లీ కొలిచాకే పొడవును అనుమానించండి.

లాగడం హాయిగా ఉంటుంది, బాణం మాత్రం మందకొడిగా పోతుంది, వదలగానే పిడి చేతిని అదురుస్తుంది

విల్లు మీ లాగుడుకు మించి పొడవైతే కొనల బరువును కదిలించడానికే శక్తి ఖర్చవుతుంది. తేలిక బాణంతో ఈ లోపం మరింత తెలుస్తుంది. ముందు చివరి ఆరు అంగుళాలను పక్కల నుంచి సన్నం చేయండి. వెడల్పు సగమైతే రెక్క బిరుసు సగమే అవుతుంది గాని, మందం సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది, కాబట్టి మందాన్ని ముట్టుకోవద్దు. అదురు తగ్గకపోతే రెండు కొనలా అరంగుళం చొప్పున కోసి, కొత్త కొప్పులు చెక్కి, వంపు సరిచూడండి; లాగే బరువు పెరుగుతుంది, త్రాసు పక్కనే ఉంచుకోండి. కోసింది మళ్లీ అతకదు.

తరువాతి విల్లుకు కొలత

లాగే దూరానికి రెట్టింపు తీసుకుని, వంగని పిడి భాగాన్ని కలిపి, మరో రెండు నుంచి నాలుగు అంగుళాలు వదలండి. 28 అంగుళాలు లాగేవారికి 56, పిడికి 8, మొత్తం 64. అంటే 66 నుంచి 68 అంగుళాలు. 26 లాగేవారికి 62 నుంచి 64. మేదరుల దగ్గర ఆరడుగులు తగ్గకుండా కోయమని అడిగి, ఆటో పైకప్పుకు కట్టించుకునైనా తెచ్చుకోండి.