ఫ్రీస్టైల్ ఈతలో ఆయాసమా? ఊపిరి నీళ్లలోనే వదిలేయండి

ఫ్రీస్టైల్‌లో (బోర్లా ఉండి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈతలో) 25 మీటర్లకే రొప్పుతుంటే స్టామినా లేదనుకుంటాం. చాలాసార్లు అసలు తప్పు ఊపిరి బిగబట్టడం. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో బుడగలు వదులుతూనే ఉండండి. అప్పుడు తల తిప్పగానే గాలి పీల్చుకుంటే చాలు. వదలడం, పీల్చడం రెండూ ఆ కాస్త సమయంలోనే కానిద్దామంటే కుదరదు.

తల పైకెత్తారో, నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి. భుజాలతో పాటే తలనూ పక్కకు తిప్పండి; గాగుల్స్‌లో ఒక అద్దం నీళ్లలోనే ఉండాలి. నోట్లోకి నీళ్లొస్తాయని భయం సహజమే, నేనైతే మొదట్లో సగం కొలను తాగేశాను లెండి! ముందు గట్టు పట్టుకుని, కాళ్లాడిస్తూ ఈ ఊపిరి వదలడం, పీల్చడం ఒక్కటే ఓ పది నిమిషాలు చేయండి. చేతుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.