కోస్తా నుంచి అనంతపురానికి పీజీ చదవడానికి వస్తుంటే

పీజీసెట్ కౌన్సెలింగులో అనంతపురం సీటు ఖాయమైతే ముందు మైగ్రేషన్ సర్టిఫికెట్ సంగతి చూడండి. ఆంధ్రా, నాగార్జున, నన్నయ విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ చేసినవాళ్ళు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో (ఎస్కేయూ) చేరాలంటే అది కావాలి. దాన్ని మీరు డిగ్రీ చదివిన విశ్వవిద్యాలయమే ఇస్తుంది. డిగ్రీ ఫలితాలు వచ్చిన వారంలోనే ఫీజు కట్టి, ప్రొవిజనల్, టీసీ జెరాక్సులు జతచేసి దరఖాస్తు పెట్టండి. చేరే రోజు గుర్తొస్తే మళ్ళీ అంతదూరం వెనక్కి పోవాల్సిందే. కుల, ఆదాయ సర్టిఫికెట్లు కూడా సొంతూరి సచివాలయంలో తీసుకునే బయల్దేరండి. టీసీ, మైగ్రేషన్ అసలు కాపీలు కాలేజీలోనే ఉండిపోతాయి కాబట్టి ఇచ్చేముందు స్కాన్ చేసుకోండి. మార్కుల మెమోలు మాత్రం సరిచూసి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది, అడిగి తీసుకోండి.

విశాఖ, విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా అనంతపురంలో దింపుతుంది.

ఇక గది. జేఎన్‌టీయూ ఊళ్ళోనే ఉంది. ఎస్కేయూ మాత్రం ఊరు దాటి కదిరి రోడ్డులో ఇటికలపల్లి దగ్గర, కేంద్రీయ విశ్వవిద్యాలయం బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో ఉన్నాయి. ఊళ్ళో గది తీసుకుంటే రోజూ బస్సు తప్పదు, అందుకే హాస్టల్ దొరికితే వదలొద్దు. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు.

గది చూసేటప్పుడు అద్దె కన్నా ముందు నీళ్ళు అడగండి. ఇది వానలు తక్కువ పడే జిల్లా, ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు. కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, బోరుందా, వేసవిలో అది ఎండిపోతుందా అని ఇంటాయన్నే కాదు, అందులో ఉంటున్న పిల్లల్నీ అడగండి. బోరు నీళ్ళు తాగొద్దు. జిల్లాలో చాలాచోట్ల వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాచినా అది పోదు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెచ్చుకోండి. వాటర్ హీటర్ రాడ్డు మీద తెల్లగా సున్నం పేరుకుంటే రాడ్డు మరీ వేడెక్కి త్వరగా పాడవుతుంది. ప్లగ్గు పీకేసి, చల్లారాక వినిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి తోమండి. మిద్దె కిందే ఉండే పై అంతస్తు గది ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కూడా చల్లబడదు. రెండొందలు ఎక్కువైనా కింది గదే మేలు.

తిండికి వారం పది రోజుల్లో అలవాటు పడతారు. పొద్దున ఉగ్గాని (మరమరాల ఉప్మా) బజ్జీ, మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) చవకగా కడుపు నింపుతాయి. సొంతంగా వండుకుంటామంటే 5 కిలోల చిన్న సిలిండరుకు ఇక్కడి చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు.