యూడీఐడీ కార్డుకు, చదువుకు ఒకే వారంలో దరఖాస్తు: నల్లగొండ, పాలమూరు కుటుంబాల కోసం

మా అక్క కొడుకుకు సెరిబ్రల్ పాల్సీ. మాది దేవరకొండ వైపు ఊరు. వాడికి నాలుగేళ్లు వచ్చినప్పటి నుంచి ఇంటికి ఏ చుట్టం వచ్చినా ముందు అడిగే మాట ఒకటే: "పర్సంటేజీ ఎంత పడ్డది?" అంటే వైకల్యం ఎంత శాతమని సర్టిఫికెట్‌లో రాశారని. మేమూ ఆ కాగితం చేతికొచ్చాకే మిగతావన్నీ చూద్దాం అనుకున్నాం. కాగితం రావడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్లూ మా మండల కేంద్రంలోనే, ఇలాంటి పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఉంది. అక్కడ చేర్చడానికి సర్టిఫికెట్ అక్కర్లేదని మాకు చెప్పినవాళ్లు లేరు, మేమూ అడగలేదు. నాలుగైదేళ్ల వయసులో ఏడాదిన్నర అంటే చాలా పెద్ద కాలం. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే ఇక్కడ రెండు పనులూ కలిపి రాస్తున్నాను. ఒకటి కార్డుకు దరఖాస్తు, ఇంకోటి చదువుకు నమోదు. ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపకండి.

కార్డు సంగతి

వైకల్య సర్టిఫికెట్‌ను మన దగ్గర ఇప్పటికీ అందరూ "సదరం" అనే అంటారు. 2025 నుంచి తెలంగాణలో ఆ సర్టిఫికెట్ స్థానంలో దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. "మావాడికి కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదా, మాకేం ఇస్తారు" అని వెనక్కి తగ్గకండి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్లోరోసిస్ ఆ జాబితాలో ఉందా అని. ఆ పేరుతో విడిగా లేదు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు వంకరపోయినా, నడుం మెడ బిగుసుకుపోయినా దాన్ని కదలికకు సంబంధించిన వైకల్యంగా చూసి శాతం వేస్తారు. ఫారంలో వైకల్యం రకం అడిగినచోట అదే ఎంచుకోవాలి. కారణం అడిగితే జబ్బు అని పెట్టాలి.

దరఖాస్తు స్వావలంబన్ కార్డ్ డాట్ గవ్ డాట్ ఇన్ (swavlambancard.gov.in) అనే పోర్టల్‌లో. ఫోన్‌లోనూ చేసుకోవచ్చు. చేతకాకపోతే మీసేవలోనో, చదువుకున్న పిల్లల చేతనో చేయించండి. పోర్టల్‌లో దరఖాస్తుకు ఫీజు లేదు. నింపిపెట్టినందుకు మీసేవ వాళ్లకు ఇచ్చేది వేరు. "ఇంత ఇస్తే ఇంత పర్సంటేజీ వేయిస్తా" అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

కూర్చునే ముందు ఆధార్ చూసుకోండి. మన ప్రాంతంలో ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది ఇక్కడే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా విడిగా జిల్లా అయింది. కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు ఎంతోమంది ఆధార్‌లో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంది. సూర్యాపేట, యాదాద్రి వైపు నల్లగొండ అని ఉంది. పోర్టల్‌లో ఒక జిల్లా ఎంచుకుని, జతచేసిన ఆధార్‌లో ఇంకో జిల్లా కనిపిస్తే దరఖాస్తు ఆగిపోయే ప్రమాదం ఉంది. ముందు ఆధార్ సరిచేయించి ఆ తర్వాతే మొదలుపెట్టండి. పుట్టిన తేదీ, ఇంటిపేరు స్కూల్ రికార్డులో ఉన్నట్టే ఉన్నాయా లేదా కూడా చూడండి. మా వాడి తేదీ ఆధార్‌లో ఒకటి, బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి. దానికే మాకు రెండు నెలలు పోయాయి.

ఫోన్ నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండేవాళ్లది ఇవ్వండి. పరీక్షకు ఎప్పుడు రావాలో ఆ నంబరుకే మెసేజ్ వస్తుంది. ముంబై, పుణే వలస పోయే కుటుంబాలైతే తాతదో అమ్మమ్మదో కాకుండా, మెసేజ్ చదివి మీకు వెంటనే చెప్పగలిగేవాళ్ల నంబరు పెట్టండి.

ఫారంలో ముందు సొంత వివరాలు, ఫోటో, సంతకం. సంతకం చేయలేని పిల్లలకు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించి దాన్ని ఫోటో తీసి పెట్టవచ్చు. ఫైల్ సైజు ఎంత ఉండాలో పక్కనే కనిపిస్తుంది, అంతకు తగ్గించుకోవాలి. తర్వాత చిరునామా. ఆ తర్వాత వైకల్యం రకం, పుట్టుకతోనా మధ్యలో వచ్చిందా, ఎప్పటి నుంచి, పరీక్షకు ఏ ఆసుపత్రి. పాత సదరం సర్టిఫికెట్ ఉంటే, సర్టిఫికెట్ ఉందా అని అడిగినచోట ఉందని చెప్పి దాన్ని జతచేయండి. అంతా అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండి, పుస్తకంలోనూ రాసిపెట్టుకోండి. ఆ నంబరు, పుట్టిన తేదీ కొడితే దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఎప్పుడైనా చూసుకోవచ్చు. 2024లో మారిన నిబంధనల ప్రకారం 3 నెలల్లోపు సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఆసుపత్రిలో ఆ రోజు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. పాత చీటీలు, ఎక్స్‌రేలు, స్కానింగ్‌లు, వినికిడి పరీక్ష కాగితాలు, ఫిట్స్ మందుల చీటీలు అన్నీ తేదీల వారీగా పెట్టుకుని పోండి. పొద్దున్నే బయలుదేరండి. అన్నం, నీళ్లు, పిల్లవాడికి మార్చే బట్టలు, పడుకోబెట్టడానికి ఒక దుప్పటి తీసుకుపోండి. గంటల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. అలసిన పిల్లలు ఏడుస్తారు, దాంతో మనకూ టెన్షన్.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను చూసినంతలో మన తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు, బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి మనసు రాకపోవడం. "మావోడు అన్నీ చేస్కుంటడు సార్" అంటారు. అది ప్రేమతో వచ్చే మాట. కానీ డాక్టర్ రాసుకునేది ఆ మాటే. అన్నం ఎవరు తినిపిస్తారు? స్నానం ఎవరు చేయిస్తారు? గుండీ పెట్టుకోగలడా? దొడ్డికి వస్తే చెబుతాడా? రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు? ఫిట్స్ నెలకు ఎన్నిసార్లు వస్తాయి? ఇవన్నీ ముందు రోజే ఒక కాగితం మీద రాసుకుని పోండి. లేనిది చెప్పొద్దు, ఉన్నది దాచొద్దు. బిడ్డ పక్కనుంటే చెప్పడం కష్టమనిపిస్తే రాసిన కాగితాన్నే చేతికివ్వండి. మా అక్క అదే చేసింది.

శాతాన్ని బట్టి కార్డు రంగు ఉంటుంది. 40 కంటే తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. పింఛన్, స్కాలర్‌షిప్‌ల వంటి వాటికి చాలావరకు కనీసం 40 ఉండాలి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వడం మామూలే. మానసిక ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు వయసు పెరిగేకొద్దీ మళ్లీ పరీక్ష చేస్తారు, 18 నిండాక ఇచ్చేది శాశ్వతం. కాబట్టి సర్టిఫికెట్ మీద గడువు ఎప్పటి వరకో చూసుకుని, అంతకు కొన్ని నెలల ముందే మళ్లీ దరఖాస్తు పెట్టండి. శాతం తప్పుగా వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఇస్తుంది. అప్పీలులో మీ పాత కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి. ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయకండి.

కార్డు పోస్టులో చిరునామాకు వస్తుంది. ఊళ్లో ఎవరూ లేకపోతే పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవచ్చు.

చదువుకు నమోదు

కార్డు దరఖాస్తు పెట్టిన వారంలోనే మండల కేంద్రానికి పోయి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో భవిత కేంద్రం ఎక్కడని అడగండి. ఎక్కువచోట్ల ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే ఒక గదిలో ఉంటుంది. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ఐఈఆర్పీలు అనే ప్రత్యేక టీచర్లు ఉంటారు. ఆధార్, ఫోటో, డాక్టర్ కాగితాలు ఏవి ఉంటే అవి తీసుకుపోండి. ఫిజియోథెరపిస్ట్ ఏ రోజు వస్తారో ఖచ్చితంగా అడిగి రాసుకోండి. ఆ రోజు కూలి మానుకుని అయినా పోవడం నయం. అసలు ఇల్లు కదల్లేని పిల్లలకు టీచరే ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది, దానికి పేరు రాయించుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున స్టైపెండ్ ఉంది. దారి ఖర్చులకు, తోడు వచ్చేవాళ్లకు ఇచ్చే భత్యం గురించి కూడా అక్కడే అడగండి.

భవితలో పేరు ఉంటే సరిపోదు, మీ ఊరి బడిలోనూ పేరు ఉండాలి. 2016 చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోనో, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. "మీవాడు బడిలో కూర్చోలేడమ్మా" అని ఎవరైనా అంటే గొడవ పడకుండా ఆ సంగతే మెల్లగా చెప్పండి. ఇంకా బడి వయసు రాని పిల్లలైతే పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు చూపించండి. అవసరమైతే వాళ్లే జిల్లా ఆసుపత్రికి పంపిస్తారు.

పదో తరగతికి వచ్చాక, పరీక్ష రాసిపెట్టే సహాయకుడి కోసం, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కోసం ముందుగానే హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు పోవాలి. హాల్ టికెట్లు వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు, ఆపై చదువులకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగుల స్కాలర్‌షిప్‌లున్నాయి. వాటికి యూడీఐడీ నంబరు తప్పనిసరి.

బడి మానేసి ఇంట్లో ఉండిపోయినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పదికి, 15 నిండి పది పాసైతే ఇంటర్‌కు చేరవచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో అయితే ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది. ఒక్కో సబ్జెక్టు చొప్పున మెల్లగా పాసవ్వచ్చు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. భారతీయ సంకేత భాషను కూడా అక్కడ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు.

ఇంట్లో ఫోన్ మీద

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అనే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. మానసిక ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు స్నానం, తిండి, మాట ఎలా నేర్పాలో అది తల్లిదండ్రుల కోసం పుస్తకాలు వేసింది. ఒకసారి అక్కడికి పోయి పిల్లవాణ్ని చూపించుకుని రావడం మంచిది. ఇంట్లో ఏం చేయించాలో వాళ్లు చెప్పినప్పుడు, వాళ్ల అనుమతి అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఇంటికొచ్చాక మనకు సగమే గుర్తుంటుంది.

చెవుడు ఉన్న పిల్లల ఇళ్లలో సంకేత భాష పిల్లలకంటే ముందు అమ్మానాన్నలు నేర్చుకోవాలి. దీని కోసమే ప్రభుత్వ టీవీ పాఠాల ఛానళ్లయిన పీఎం ఈ-విద్యలో 31వ నంబరు ఛానల్ 2024 డిసెంబరులో మొదలైంది. చూపులేని, చదవడం కష్టమైన పిల్లలకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉంది. వైకల్యం రుజువు జతచేసి సభ్యత్వం తీసుకుంటే వినే పుస్తకాలు, బ్రెయిలీ ఫైళ్లు ఉచితంగా దింపుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఉన్నదాన్ని తెలుగులోనే చదివి వినిపిస్తుంది. కంప్యూటర్‌లో అలాగే చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. సిగ్నల్ సరిగా రాని ఊళ్లలో ఉన్నవాళ్లు పట్నం వచ్చినప్పుడు దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూడవచ్చు.

వీటన్నిటికంటే మా అక్కకు ఎక్కువ నేర్పింది భవిత కేంద్రం వరండా. ఫిజియో రోజు అక్కడ కూర్చున్న తల్లులే ఏ చెప్పుల దుకాణంలో కాలికి సరిపడే చెప్పులు కుడతారో, ఏ డాక్టర్ ఓపికగా వింటారో చెప్పారు. మీ ఊళ్లో దివ్యాంగుల స్వయం సహాయక సంఘం ఉంటే అందులో చేరండి. ఏదైనా దరఖాస్తు నెలల తరబడి కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాసి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదలలో వెనకబాటు, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కింద ఇంకో రెండు సదుపాయాలు ఉన్నాయి. నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది, చేరడానికి ముందు ఏ వైద్య పరీక్షా అడగరు. ఏటా మార్చి లోపు రెన్యూవల్ చేయించుకోవాలి. రెండోది, పిల్లలకు 18 నిండగానే తల్లిదండ్రులైనా సరే చట్టపరంగా సంరక్షకులుగా ఉండటానికి కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా, పొలం వాటా వంటివి వచ్చినప్పుడు అడిగేది ఆ కాగితమే. పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర పడుతుండగానే దాని పని మొదలుపెట్టండి.