జిప్సం పూతకు ప్లాస్టిక్ తాపీ: గోడ మీద కనిపించే లోపాలు, కారణాలు, పరిష్కారాలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలకు సిమెంటు బదులు జిప్సం పూత వేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ పనితోపాటే పలుచగా, కాస్త వంగే ప్లాస్టిక్ తాపీ కూడా మేస్త్రిల సంచిలోకి చేరింది. నునుపు బాగా వస్తుందని కొంటారు. రెండు మూడు గదులకే చారలు, బొబ్బలు, ఎగుడుదిగుళ్లు కనిపించేసరికి దాన్ని మూలన పడేసి మళ్లీ స్టీలు తాపీ అందుకుంటారు. నా దృష్టిలో ఇందులో పనిముట్టు తప్పు చాలా తక్కువ. దాన్ని గోడకు ఎప్పుడు ఆనించారు, ఏ పనికి ఆనించారు అన్న రెండు ప్రశ్నల దగ్గరే దాదాపు అన్ని లోపాలకూ సమాధానం దొరుకుతుంది.

పని వరుస ఇదీ. మాలు ఎక్కించడానికి స్టీలు తాపీ. మట్టం తీయడానికి అల్యూమినియం బద్ద. గుంటలు నింపి ఒత్తడానికి మళ్లీ స్టీలు తాపీ. ఆ తర్వాత కాస్త ఆగాలి. ప్లాస్టిక్ తాపీ వంతు చివరిది. పైపొరలో మిగిలిన సన్నని రంధ్రాలను మూసి, తాపీ గుర్తులను చెరిపి, నునుపు తేవడమే దాని పని.

ఆ ‘కాస్త’ ఎంతసేపన్నది గడియారం చెప్పలేదు. జిప్సం రాయిని సుమారు 120 నుంచి 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులో ఇమిడి ఉన్న నీటిలో నాలుగింట మూడు వంతులు పోతుంది. బస్తాలో మనకు వచ్చే పొడి అదే. నీరు కలపగానే పోగొట్టుకున్న నీటిని తిరిగి పట్టుకుని, సూది ఆకారపు స్ఫటికాలుగా ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ బిగుస్తుంది. సిమెంటుకు గంటలు పట్టే పని ఇక్కడ నిమిషాల్లో జరిగిపోతుంది. గోడ నీటిని ఎంత పీలుస్తుంది, గదిలో ఎండ ఎంత, గాలి ఎంత అన్నదాన్ని బట్టి ఆ నిమిషాలు మారుతుంటాయి.

అందుకని వేలి కణుపుతో గోడను నొక్కి చూడండి. మాలు వేలికి అంటితే ఇంకా తొందర. సన్నని నొక్కు పడి, వేలు శుభ్రంగా వెనక్కి వస్తే ప్లాస్టిక్ తాపీకి సమయమైంది. నొక్కు కూడా పడకపోతే సమయం దాటిపోయింది. కంటికీ ఒక గుర్తు ఉంది: పూత మీది తడి మెరుపు పోయి, ఉపరితలం మసకబారుతుంది. ఆ మసక గోడంతా ఒకేసారి రాదు. ఎక్కడ ముందు వస్తే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

తాపీ గోడకు అతుక్కుని పూతను లాగేస్తోంది

చాలావరకు తొందరపాటే కారణం. పచ్చి పూత మీద ప్లాస్టిక్ పలకను పూర్తిగా బల్లపరుపుగా ఆనిస్తే, కింద గాలి లేక పలక గోడకు పట్టుకుంటుంది. లాగినప్పుడు పూత పైపొర చిరుగుతుంది. అలాంటప్పుడు బలం పెంచితే చిరుగు పెద్దదవుతుంది. ఐదు నిమిషాలు ఆగి, పలక ముందు అంచును గోడకు కొద్దిగా ఎడంగా పట్టి, వెనక అంచు మీద మాత్రమే బరువు పెట్టి నడపండి.

ఆగినా అలాగే లాగుతుంటే పలకను తిప్పి చూడండి. ఇంతకుముందటి మాలు పొరగా ఎండిపోయి ఉంటుంది. నునుపైన ప్లాస్టిక్ మీద ఆ పొర గరుకుగా మారి పూతను పట్టి లాగుతుంది. తడి గుడ్డతో రెండు మూడు నిమిషాలకోసారి తుడుచుకోవడం అలవాటు కావాలి.

దీనికి పూర్తిగా ఎదురు కారణం కూడా ఉంది: పూత మరీ ఆరిపోవడం. తాపీ కదిలినప్పుడు జారకుండా కరకరమని శబ్దం చేస్తే అదే సంగతి. స్ప్రే సీసాతో పలుచని నీటి తుంపర చల్లి ఒక్కసారి నడపవచ్చు. మగ్గుతో నీళ్లు కొట్టి రుద్దవద్దు. దాని ఫలితం ఏమిటో ‘పొడి రాలుతోంది’ అన్న చోట చెబుతాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్లాస్టిక్ తాపీ వాడకం చూపించే వీడియోల్లో చాలా వాటిని బ్రిటన్‌లో తీశారు. అక్కడ ప్లాస్టర్‌బోర్డు (కాగితం అతికించిన జిప్సం పలక) మీదో, అడుగుపూత మీదో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన, రెండు పలుచని పొరలుగా వేసే ముగింపు పూతకు ఈ తాపీ వాడతారు. మన దగ్గర ఇటుక మీద, బ్లాకు మీద నేరుగా పది, పదమూడు మిల్లీమీటర్ల మందాన ఒకే పూత వేస్తాం. చేతి కదలిక చూసి నేర్చుకోండి. నిమిషాల లెక్క మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవద్దు.

ఒకే గోడ మీద ఒకచోట రాయిలా, ఇంకోచోట పచ్చిగా

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. దీన్ని సరిగా అర్థం చేసుకుంటే మిగతా సగం లోపాలు వాటంతటవే తగ్గుతాయి.

ఒక గోడను తీసుకోండి. రెండు చివర్లా కాంక్రీటు స్తంభాలు, పైన కాంక్రీటు దూలం, మధ్యలో ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు) లేదా ఎర్ర ఇటుక. అన్నిటి మీదా ఒకే మాలు, ఒకే సమయంలో పడుతుంది. బ్లాకు ఆ మాలులోని నీటిని గబగబా తాగేస్తుంది. కాంక్రీటు దాదాపు తాగదు. పదిహేను నిమిషాలయ్యేసరికి మధ్య భాగం నొక్కు పడనంత గట్టిపడి ఉంటుంది, స్తంభం మీద పూత ఇంకా వేలికి అంటుతూ ఉంటుంది. మేస్త్రి ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో ప్లాస్టిక్ తాపీ నడుపుకుంటూ పోతాడు. స్తంభం దగ్గర పూత లేచిపోతుంది, మధ్యలో నునుపు రాదు. తప్పు తాపీ మీదికి పోతుంది.

పరిష్కారం పూత వేయకముందే మొదలవాలి. బ్లాకుల గోడ మీది దుమ్ము దులిపి, ముందురోజు తడిపి, పూతకు కాసేపటి ముందు మళ్లీ తేలికగా తడపాలి. నీరు కారుతూ ఉండకూడదు, గోడ తడిగా ఉంటే చాలు. కాంక్రీటు భాగానికి ఉలితో గాట్లు పెట్టి, లేదా పూతకు పట్టునిచ్చే బాండింగ్ ద్రవం పూసి, తయారీదారు చెప్పినంతసేపు ఆరనివ్వాలి. కాంక్రీటు, ఇటుక కలిసే గీత మీద రెండు వైపులా కనీసం నాలుగేసి అంగుళాలు వచ్చేలా ఫైబర్ మెష్ పరవాలి. లేకపోతే ఎంత నునుపుగా తీసినా అక్కడే నెర్రె విచ్చుతుంది.

పూత వేశాక ప్లాస్టిక్ తాపీని ముందు బ్లాకుల భాగం మీద నడపండి. స్తంభాలు, దూలం చివరికి వదిలేయండి. వేలి కణుపు పరీక్ష గోడకు ఒకసారి కాకుండా ఈ మూడు చోట్లా విడివిడిగా చేయాలి. రెండు భాగాలు కలిసే చోట చివర్లో ఒక్కసారి నిలువుగా తాపీ నడిపితే గుర్తు కలిసిపోతుంది.

మాలు బకెట్లోనే బిగిసిపోతోంది, తాపీ దాకా రావడం లేదు

నిన్నటి మాలు అంచులకు ఎండిపోయిన బకెట్లో కొత్త మాలు కలిపారేమో చూడండి. గట్టిపడిన జిప్సం ముక్కలు కొత్త స్ఫటికాలకు మొలకల్లా పనిచేసి, మాలును చాలా త్వరగా బిగుసుకునేలా చేస్తాయి. ప్రతిసారీ బకెట్టు, కలిపే కడ్డీ కడగాలి. వేసవిలో డాబా మీది ట్యాంకు నీరు వేడెక్కి ఉంటుంది. ఆ నీటితో కూడా ఇదే జరుగుతుంది కాబట్టి నీడలో పెట్టిన నీళ్లు వాడండి.

నీళ్లలో పొడి పోయాలి, పొడిలో నీళ్లు కాదు. 25 కిలోల బస్తాకు ఇంచుమించు 15 నుంచి 17 లీటర్లు పడుతుంది. బస్తా మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. బిగుసుకోవడం మొదలైన మాలుకు నీళ్లు కలిపి మెత్తబరిచి వాడితే గోడకు బలం ఉండదు. దాన్ని పారబోయడమే లాభం.

సన్నని సమాంతర గీతలు పడుతున్నాయి

పలక అంచు మీద గోరు నడిపి చూడండి. ఎక్కడో ఒకచోట గోరు ఆగుతుంది. అక్కడ చిన్న గంటు ఉంది. ప్రతి ఊపుకూ అదే చోట గీత పడుతుంది. ప్లాస్టిక్ స్టీలు కంటే మెత్తన. ఒక ఇసుక రేణువు తగిలినా, సామాన్లలో ఉలి పక్కన పడేసినా అంచు దెబ్బతింటుంది.

ఒక టైలు ముక్క మీద 320 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి తడపండి. పలకను నిలువుగా పట్టుకుని, అంచును పొడవునా దాని మీద మెల్లగా లాగండి. అటూ ఇటూ పదిసార్లు లాగితే చాలావరకు సమమవుతుంది. ఆ తర్వాత అంచు రెండు ముఖాలనూ ఒక్కొక్కసారి తేలికగా తుడిచినట్టు రుద్దితే అంచున మిగిలిన గరుకు పొరక పోతుంది. కొత్త తాపీకీ ఈ పని తప్పదు, ఎందుకంటే కోత పెట్టిన అంచుకు సన్నని పొరక మిగిలి ఉంటుంది. మూలలు కూడా కొత్తలో పదునుగా ఉండి అర్ధచంద్రాకారపు గుర్తులు వేస్తాయి. వాటిని కొద్దిగా గుండ్రం చేయండి.

అంచు బాగానే ఉండి గీతలు ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంటే మాలులో గడ్డలు, చెత్త ఉన్నట్టు. పొడిని జల్లెడ పట్టి కలపండి.

బొబ్బలు లేస్తున్నాయి

లోపలి గాలి బయటికి పోకముందే పైపొరను మూసేస్తే బొబ్బ వస్తుంది. పాత రంగు గోడ మీద నేరుగా పూత వేసినా వస్తుంది, ఎందుకంటే ఆ గోడ నీటిని పీల్చదు, పూతకు పట్టు దొరకదు. బొబ్బను ప్లాస్టిక్ తాపీతో రుద్దితే పక్కకు జరుగుతుందే తప్ప పోదు. సూది మొనతో పొడిచి, స్టీలు తాపీతో ఒత్తి, ఆగి, ఆ తర్వాత ప్లాస్టిక్ తాపీ నడపండి. ఆరిన గోడ మీద తట్టినప్పుడు బోలు శబ్దం వస్తే ఆ ముక్క ఊడగొట్టి మళ్లీ వేయడమే. పైన లప్పం పెట్టి కప్పితే కొన్నాళ్లకు అట్టలా ఊడుతుంది.

పగలు బాగున్న గోడ రాత్రి దీపం వెలుగులో అలలు అలలుగా కనిపిస్తోంది

ప్లాస్టిక్ పలక వంగుతుంది. గుంట ఉంటే గుంటలోకి దిగుతుంది, మిట్ట ఉంటే మిట్ట ఎక్కుతుంది. మట్టం లేని గోడను అది నున్నటి మట్టం లేని గోడగా మారుస్తుంది. బద్ద పని పూర్తికాకుండా ప్లాస్టిక్ తాపీ అందుకోవడమే దీనికి కారణం.

మాలు పచ్చిగా ఉండగానే ఫోను టార్చిని గోడకు ఆనించి పక్కకు వెలుగు వేయండి. నీడలు ఎక్కడ పడితే అక్కడ మళ్లీ బద్ద ఆడించాలి. గోడ ఆరిపోయాక కనిపిస్తే మిట్టలను బద్దకు తగిలించిన గరుకు కాగితంతో అరగదీసి, గుంటలకు వెడల్పాటి స్టీలు పట్టీతో లప్పం పెట్టండి. దానికి ప్లాస్టిక్ తాపీ పనికిరాదు.

నల్లటి చారలు, గోధుమ రంగు చుక్కలు

తెల్లటి జిప్సం మీద స్టీలు తాపీ పదేపదే రుద్దితే, అల్యూమినియం బద్ద ఆరిన పూతకు తగిలితే బూడిద రంగు చార పడుతుంది. చివరి రుద్దుడుకు ప్లాస్టిక్ వాడమనడానికి ఇది ఒక గట్టి కారణం. పడిన చారలను సన్నని గరుకు కాగితంతో రుద్ది ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొడితే పోతాయి.

గోధుమ రంగు చుక్కల సంగతి వేరు. అది తుప్పు. తడి జిప్సం ఇనుమును తినేస్తుంది. గోడలో మిగిలిన మేకు, గాల్వనైజింగ్ లేని వల నుంచి ఆ మరక పైకి వస్తుంది. మామూలు ప్రైమర్ వేసినా నీటి రంగులోంచి మళ్లీ తేలుతుంది. మేకు తీసేసి, లేదా దానికి తుప్పు నిరోధక పెయింటు పూసి, మరకలను ఆపే ప్రైమర్ కొట్టాలి.

చేయి పెడితే పొడి రాలుతోంది

ఒక రూపాయి బిళ్ల అంచుతో గీయండి. పైన సన్నగా పొడి రాలి, లోపల గట్టిగా తగిలితే లోపం పైపొరదే. బిగుసుకున్న పూత మీద నీళ్లు కొట్టి, నునుపు కోసం రుద్ది రుద్ది వదిలిన గోడలకే ఇది ఎక్కువ. అలా రుద్దినప్పుడు అప్పుడే అల్లుకున్న స్ఫటికాలు తెగుతాయి. తెగినవి మళ్లీ అతుక్కోవు. ఆ పొరను 120 నంబరు గరుకు కాగితంతో పూర్తిగా తీసి, దుమ్ము తుడిచి, పలుచన చేసిన ప్రైమర్ పీల్చుకునేలా కొడితే సరిపోతుంది.

బిళ్ల లోతుగా దిగిపోతే మాలుదే తప్పు. నీరు ఎక్కువైంది, మెత్తబరిచిన మాలు వాడారు, లేదా బస్తా చెమ్మ తగిలి పాతబడింది. అక్కడ పూత కొట్టేయక తప్పదు. కోస్తా ఊళ్లలో వర్షాకాలం బస్తాలను నేల మీద పెట్టకుండా చెక్కల మీద పేర్చి, తార్పాలిన్ కప్పి ఉంచండి.

గోడ అద్దంలా మెరిసింది, రంగు మాత్రం పొరలుగా ఊడుతోంది

ఇంటి యజమానులు మెరుపు అడుగుతారు, మేస్త్రిలు ఇస్తారు. పైపొర మరీ మూసుకుపోతే ప్రైమర్ లోపలికి దిగదు. 180 లేదా 220 నంబరు కాగితంతో ఒకసారి తేలికగా రుద్ది మెరుపు చంపి, ఆ తర్వాత ప్రైమర్ కొట్టండి. కొత్త గోడకైతే ప్లాస్టిక్ తాపీని రెండు ఊపుల దగ్గర ఆపండి. లోపల తడి ఉండగా రంగు వేసినా ఇలాగే ఊడుతుంది. అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి, మర్నాడు తీసి చూస్తే తెలుస్తుంది: లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆగాలి. ఈ లోపు సిమెంటు గోడకు అలవాటుగా చేసినట్టు నీళ్లు కొట్టవద్దు. జిప్సం పూతను తడపాల్సిన పని లేదు. లీటరు నీటిలో దాదాపు రెండు గ్రాముల జిప్సం కరుగుతుంది. స్నానాల గదికి, బయటి గోడలకు ఈ పూత వద్దనడం అందుకే.

సిమెంటు పూత మీద వాడితే అంచు అరిగిపోతోంది

అరగక తప్పదు. ఇసుక రేణువులు ఆ మెత్తని అంచును రోజులో తినేస్తాయి. సిమెంటు పూతకు రుద్దే చెక్క, లేదా మందపాటి ప్లాస్టిక్ రుద్దుడు పలక, ఆపైన స్పాంజి వాడాలి. దుకాణంలో ఆ మందపాటి పలకనూ, ఈ వంగే తాపీనీ ఒకే పేరుతో ఇస్తారు. వేళ్లతో వంచి చూసి కొనండి. బయటి గోడలకు వేసే రస్టిక్ టెక్స్చర్ కోసం వాడే ప్లాస్టిక్ పలక కూడా వేరు. గీతలు వేయడమే దాని పని కనుక దాన్ని జిప్సం మీదికి తేవద్దు.

పలకే వంకర తిరిగింది

ఎండలో వదిలారు, లేదా బకెట్టు కింద పెట్టారు. తిన్నని టైలు మీద పెట్టి చూస్తే ఎంత వంగిందో తెలుస్తుంది. కొద్దిపాటి వంపైతే గోరువెచ్చని నీటిలో ఉంచి, రెండు టైళ్ల మధ్య బరువు పెట్టి రాత్రంతా వదిలితే కొంత సర్దుకుంటుంది. ఎక్కువ వంగితే కొత్త పలక కొనాలి. పని అయ్యాక ఎండిన మాలును ఇనుప పట్టీతో గీకకుండా, నీళ్లలో నానబెట్టి గుడ్డతో తుడిచి, అట్ట ముక్కల మధ్య బల్లపరుపుగా దాచండి.