చెమట పట్టి ఎన్నాళ్లయింది?

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీకి పీడీని, అంటే ఆటల మాస్టారిని. ఈ మధ్య నా గదికి బంతి కోసం వచ్చేవాళ్లకంటే "సార్, ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదు" అని వచ్చేవాళ్లే ఎక్కువ. నేను మనసు జోలికి వెంటనే పోను. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు, చెమట పట్టి ఎన్నాళ్లయింది, ముందు ఇవే అడుగుతాను.

తిండి దగ్గరే సగం మంది దొరికిపోతారు. ఆమదాలవలస వైపు నుంచి వచ్చే సెకండియర్ అమ్మాయి "నాకు కోపం ఎక్కువ సార్, అందరితో గొడవలే" అంది. ఆరున్నరకి బస్సెక్కుతుంది, టిఫిన్ ఉండదు. పదకొండయ్యేసరికి చేతులు వణుకుతాయి, ఎవరేమన్నా చిరాకే. చోడి (రాగి) అంబలి తెచ్చుకోమన్నాను. రాత్రే కాచి పెట్టుకుని, పొద్దున మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ కలిపితే చాలు. సీసా నిండా మాత్రం పొయ్యకండి, బస్సు కుదుపులకి మూత ఎగిరి రికార్డులన్నీ తడుస్తాయి. తిన్నా నీరసం పోకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. దాన్ని బద్ధకం అనుకుని తమను తామే తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

నిద్రకి ఒక్కటే మాట: పడుకునే టైమ్ కుదరకపోయినా లేచే టైమ్ మార్చకండి. ఛార్జర్ మంచానికి దూరంగా పెట్టండి.

ఇక చెమట సంగతి. ఇందులో నేనే తప్పు చేశాను. దిగులుగా ఉన్న కుర్రాణ్ణి "ఐదు రౌండ్లు కొట్టు, అదే పోతుంది" అన్నాను. మూడో రౌండులో వాంతి చేసుకున్నాడు, ఆ ఏడాదంతా గ్రౌండ్ మొహం చూడలేదు. ఇప్పుడైతే అలాంటివాళ్ల చేత కబడ్డీ కోర్టుకి సున్నం గీతలు గీయిస్తాను. తాడు అటు కొస పట్టుకోవడానికి ఇంకొకడు కావాలి కదా, మాటలు కలుస్తాయి. ఏదో రోజు టీములో ఒకడు తగ్గితే వీడే దిగుతాడు.

మన ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. మీరు ఎత్తక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. బస్సు కాంప్లెక్స్‌లో దిగి ఆటో ఎక్కకుండా కాలేజీకి చురుగ్గా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. తోడు ఒకరిని పెట్టుకోండి. ఒంటరిగా మొదలెట్టినవాళ్లు మూడో రోజే మానేస్తారు, కబుర్లుంటే దూరం తెలియదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలు దిగులు వదలకపోతే అది నా గ్రౌండ్ పని కాదు. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్ నా గది తలుపు మీద సుద్దతో రాసి పెట్టాను. ఎవరి ముందూ అడగాల్సిన పని లేదు, బంతి కోసం వచ్చినట్టు వచ్చి రాసుకుపోండి.