ఈతల కాలంలో దురదకు ఆ మూడు మందుల ట్యూబు వద్దు

పోయిన వారం ఒకావిడ మా మందుల దుకాణానికి వచ్చారు. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, స్టెరాయిడ్ మూడూ కలిపిన పైపూత ట్యూబు ఒకటి, అడుగు నుంచి మడిచి మడిచి పిండేసి ఖాళీ చేసింది, కౌంటరు మీద పెట్టి, "ఇదే ఇంకొకటి ఇవ్వండి" అన్నారు. డిగ్రీ చదివే కూతురికట. ఆ అమ్మాయి వేసవిలో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. గజ్జల్లో దురద వస్తే వేరే దుకాణంలో ఎవరో ఈ ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో తగ్గింది. మానేయగానే రెట్టింపై వచ్చింది. మళ్లీ రాశారు. ఇప్పుడు తొడల లోపలివైపు ఎర్రటి చారలు పడ్డాయట. ట్యూబు ఇవ్వలేదు, చర్మ వైద్యురాలి దగ్గరికి పంపాను. దురదకు మందు ఉంది. ఆ చారలు మాత్రం రంగు తగ్గుతాయే కానీ పూర్తిగా చెరిగిపోవు.

ఈతకు ముందు స్నానం, తర్వాత స్నానం అని కొలను గోడ మీదే రాసి ఉంటుంది కాబట్టి అవి వదిలేస్తున్నాను.

తడి సంగతి

దురద రాగానే అందరూ తిట్టేది కొలను నీళ్లను. నిజానికి ఈ బాధ పెట్టే క్యాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) నీళ్లలోంచి అంటుకునేది కాదు. చాలామంది నోట్లో, పేగుల్లో, ఆడవాళ్లకు యోనిలో మామూలుగానే కొద్దికొద్దిగా ఉంటుంది. వేడి, చెమ్మ, గాలి ఆడని బట్ట మూడూ దొరికితే పెచ్చుమీరుతుంది. అంటే నీళ్లలో ఉన్న అరగంట కంటే బయటికి వచ్చాక తడి బట్టలతో గడిపే గంటే ఎక్కువ చేటు. మన దగ్గర చాలా కొలనుల్లో ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది ఉండదు, ఉన్నా గడియ పడదు. తడి లెగ్గింగ్ మీదే చున్నీ కప్పుకుని స్కూటీ ఎక్కేస్తారు. కొలనుకు డబ్బు కట్టేముందు గది తలుపు గడియ వేసి చూడండి. సంచిలో పొడి నూలు లోదుస్తుల జత ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఇంకొకటి ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. ఆడపిల్లల లోదుస్తులను దండెం మీద చీర కిందో టవలు కిందో దాచి ఆరేస్తాం. వాటికి ఎండ తగలదు, గాలి తగలదు, సాయంత్రానికి కూడా చెమ్మ పోదు. మరుసటి రోజు అవే వేసుకుంటారు. మే నెల ఎండ ఉచితంగా దొరుకుతుంటే సిగ్గుపడి చెమ్మబట్ట కట్టుకోవడం ఏమిటి?

గుర్తుపట్టడం

చర్మపు మడతల్లో వచ్చే ఈస్ట్ ఎర్రగా, చెమ్మచెమ్మగా ఉంటుంది. అంచు దాటాక విడివిడిగా చిన్న ఎర్ర పొక్కులు కనిపిస్తాయి. గుండ్రంగా పాకుతూ మధ్యలో చర్మం మామూలుగా ఉంటే అది తామర, వేరే ఫంగస్. యోనిలో అయితే విపరీతమైన దురద, మంట, మూత్రం తగిలితే చురుకు, విరిగిన పాలలా గడ్డలుగా తెల్లబట్ట. వాసన దాదాపు ఉండదు. చేపల వాసనతో బూడిదరంగులో పలుచగా పోతుంటే అది బ్యాక్టీరియా పని. పసుపు, ఆకుపచ్చ కలిసిన నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. మూడింటికీ మందులు వేరు. "నాకు తెలుసు, ఇది ఈస్టే" అనేవాళ్లకు ఒక మాట: 2002లో అమెరికాలో అలా సొంతంగా మందు కొనుక్కున్న ఆడవాళ్లను పరీక్షించి చూస్తే, ఒక్క ఈస్ట్ మాత్రమే ఉన్నవాళ్లు మూడింట ఒక వంతే తేలారు.

మగవాళ్లకూ వస్తుంది. లింగం కొన మీద చర్మం కింద ఎరుపు, దురద కనిపిస్తాయి. మధుమేహానికి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. ఆ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి, ఈస్ట్‌కు అదే మేత. మాత్ర మీ అంతట మీరు మానకండి, డాక్టరుకు చెప్పండి.

అసలు గొడవ

మొదట చెప్పిన ఆ ట్యూబులో ఫంగస్‌ను చంపే మందు ఒకటి, బ్యాక్టీరియాను చంపేది ఒకటి ఉంటాయి. వాటితోపాటు గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద ఆపేది ఆ స్టెరాయిడే. దురద ఆగుతుంది, ఫంగస్ ఆగదు. చర్మానికి ఉన్న కాపలాను స్టెరాయిడ్ నిద్రపుచ్చుతుంది కాబట్టి లోలోపల ఇంకా పాకుతుంది. రూపం కూడా మారిపోయి డాక్టర్లే తడబడతారు. గజ్జల్లో చర్మం ముందే పలుచన, పైగా మడత. అందుకే చారలు అక్కడే తొందరగా పడతాయి. 2018లో కేంద్రం పద్నాలుగు స్టెరాయిడ్ పైపూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా అమ్ముతున్నారు. నా వృత్తివాళ్ల గురించే అంటున్నాను, తెలిసే అంటున్నాను. త్వరగా తగ్గించే ట్యూబు ఇస్తే గిరాకీ మళ్లీ వస్తుంది కదా.

ఇక వరసగా వినండి.

ట్యూబు మీద సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, వీటిలో ఏది కనిపించినా గజ్జల్లో రాయకండి.

ఇప్పటికే వారాల తరబడి రాస్తున్నవాళ్లు ఆ ట్యూబుతో సహా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. దాచకండి.

డాక్టరు రాసిన ఫంగస్ మందును దురద పోయినా చెప్పిన రోజులన్నీ వాడండి.

ఫంగస్‌కు వేసుకునే ఫ్లూకొనజోల్ మాత్ర గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా.

యోని లోపల ఏదీ పోసి కడగకండి. మంచి బ్యాక్టీరియా పోతే ఈస్ట్‌కు దారి ఇచ్చినట్టే.

పెరుగు, వెల్లుల్లి, వెనిగర్ వంటింట్లోనే ఉండనివ్వండి.

సువాసన పౌడర్లు వద్దు.

టవళ్లు పంచుకోవద్దు.

చర్మం చిట్లి మంటగా ఉంటే క్లోరిన్ నీళ్లలో దిగకండి.

పెళ్లికాని పిల్లను స్త్రీవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్తే ఎవరేమంటారోనని ఆగకండి. అలా ఆగినవాళ్లే ఆ ట్యూబు కొంటారు.

మొదటిసారి వస్తే వైద్యురాలికి చూపించండి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు ఉంటే అదే రోజు చూపించండి.

ఏడాదిలో మూడుసార్లు వస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి.

పసిపిల్లలకు డైపర్ కింద ఎర్రబడితే ఆ ట్యూబు జోలికే పోవద్దు. పైన డైపర్ బిగించి ఉంటే స్టెరాయిడ్ ఇంకా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది.