సాయంత్రం ఆకాశం చూసి సలికి, పొగమంచుకు, ముసురుకు తయారయ్యేది ఎట్ల

మా అక్కను ఉట్నూర్ దిక్కు ఇచ్చినం, మేనమామ వాళ్లది ఏటూరునాగారం, మేము హనుమకొండల ఉంటం, బాపు అవ్వ మాత్రం పరకాల దగ్గర ఊర్లనే ఉండి ఎవుసం చూసుకుంటరు. ఒక్కటే రోజు పొద్దుగాల అందరికి ఫోన్ చేస్తె ఒక్కొక్క ఇంట్ల ఒక్కో సలికాలం నడుస్తుంటది. అక్క నల్లా కింద చెయ్యి పెడితె కొంకర్లు పోతున్నయి అంటది, మామ ఎదురుంగ ఉన్న యాపచెట్టు కూడ కనవడ్తలేదు అంటడు, మా ఇంట్ల ఫ్యాన్ బంద్ చేద్దామా వద్దా అని చూస్తుంటం, బాపు ఏమో మబ్బు పట్టింది కల్లంల మిర్చి ఉన్నది ఎట్ల అని పరేషాన్ల ఉంటడు.

మునుపు దీపావళి పోయినంక స్వెటర్లు తీస్తె మళ్ల శివరాత్రికే లోపల పెట్టుడు, శివరాత్రికి సలి శివశివా అనుకుంట పోతది అని అవ్వ ఇప్పటికి అంటది. ఇప్పుడు ఒక్క వారంలనే ఇగం, ఉక్క, ముసురు మూడు వచ్చి పోతున్నయి. అందుకే మా ఇంట్ల ఒక అలవాటు చేసుకున్నం, రోజు సాయంత్రం నాలుగు అయిదు మధ్యల ఆకాశం చూసి ఆ రాత్రి ఏం చెయ్యాల్నో అప్పుడే అనుకుంటం. ఇది పెద్ద విద్య ఏం కాదు, రెండు మూడు సంగతులు తెలిస్తె ఎవ్వరైన చూసుకోవచ్చు.

ముందుగాల మబ్బు సంగతి. చాన మంది మబ్బు ఉంటె సలి పెరుగుతది అనుకుంటరు, రాత్రికి మాత్రం అది ఉల్టా. పగలంత ఎండకు కాగిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదులుతది, పైన మబ్బు ఉంటె దుప్పటి కప్పినట్టు ఆ వేడి కిందనే ఆగుతది, మబ్బు లేకుంట చుక్కలు సాఫ్‌గ కనవడితె వేడంత పైకే పోతది, ఇగ తెల్లారకముందు గజగజ వణుకుడే. అందుకే పగలు ఎండ మంచిగ కొట్టిన రోజు రాత్రే సలి ఎక్కువ. పగలు మబ్బు ఉంటె మాత్రం ఎండ లేక పగటిపూట సల్లగనే ఉంటది, రాత్రి అంత దిగదు.

రెండోది గాలి. పొద్దుగూకే దిక్కు మొకం పెట్టి నిలవడుండ్రి, మీ కుడిచెయ్యి దిక్కు ఉత్తరం. గాలి కుడి చెంపకు తాకుతున్నదంటె ఉత్తరాది పొడిగాలి వస్తున్నట్టు, రెండు మూడు రోజులు సలి ముదురుతది. ఈపుకు తాకుతున్నదంటె తూర్పు నుంచి, అంటె బంగాళాఖాతం దిక్కు నుంచి తేమ వస్తున్నట్టు, రాత్రిపూట సలి తగ్గుతది, మబ్బు పట్టొచ్చు, సముద్రంల వాయుగుండం గిట్ల ఉంటె వాన కూడ రావచ్చు. గాలి తెలుస్తలేదంటె అగరుబత్తి ముట్టించి డాబా మీద పట్టుకుంటె పొగ చెప్తది. ఇగ అసలు గాలే లేకుండ, ఆకాశం సాఫ్ ఉండి, నిన్నో మొన్నో వానపడి నేల తడి ఉన్నదంటె తెల్లారి పొగమంచు గ్యారంటీ అనుకొని ప్రయాణం పెట్టుకోవాలె. చెరువు పక్క ఊర్లకు, గోదావరి ఒడ్డు ఊర్లకు వాన పడకున్న ఇది వస్తది.

ఇంట్ల కొబ్బరినూనె డబ్బా కూడ చూస్తుండ్రి. దాదాపు 24 డిగ్రీల కింద అది గడ్డకడుతది. జనవరిల కూడ పొద్దుగాల నూనె నీళ్లలెక్క ఉన్నదంటె ఇంట్ల సలి దిగలేదు, దోమలు పోలేదు అని అర్థం, అసొంటి రోజులల్ల మేము దోమతెర తియ్యం.

ఆకాశం చూసినంక ఫోన్ చూడాలె, అయితె జిల్లా హెడ్‌క్వార్టర్ నంబర్ చూసి ఊకోవద్దు. టీజీడీపీఎస్ అని తెలంగాణ సర్కారు ప్రణాళిక సంస్థ ఉన్నది, వాళ్లు మండలాల వారీగ ఉష్ణోగ్రతలు ఇస్తరు, మీ మండలం, మీరు పొయ్యే మండలం రెండు చూసుకోండ్రి. మనకు హనుమకొండల 12 ఉన్న రోజు ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ యూల, తిర్యాణి మండలం గిన్నెధరి దిక్కు 7, 8 ఉండుడు మామూలే, సముద్రానికి దూరం, గుట్టలు, అడవి, పైగా ఉత్తరం గాలి ముందుగాల వాళ్లనే తాకుతది. వాతావరణ శాఖ వాళ్ల లెక్కల మన అసొంటి మైదానంల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకంటె తక్కువ గాని ఉండి, మామూలు కంటె నాలుగున్నర డిగ్రీలు పడిపోతె దాన్ని శీతలగాలులు అంటరు. పసుపు రంగు హెచ్చరిక అంటె గమనిస్తుండుమని, నారింజ అంటె తయారు ఉండుమని. ఉరుములకు దామిని యాప్, ఎవుసానికి మేఘదూత్ యాప్ బాపు ఫోన్ల వేసిచ్చిన.

ఇగ సలి ముదిరే రాత్రి చేసే పనులు. అన్నిటికంటె ముందు చెప్పేది కుంపటి గురించే, ఎందుకంటె ఇది పాణం మీది సంగతి. తలుపులు కిటికీలు మూసి, లోపల బొగ్గుల కుంపటి గాని కట్టెల నిప్పు గాని పెట్టుకొని పండుకోవద్దు. గాలి ఆడని అర్రల బొగ్గు కాలితె కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ వస్తది, దానికి వాసన లేదు, రంగు లేదు, పండుకున్నోళ్లకు తెల్వనే తెల్వదు. మా వాడకట్టుల ఒక ఇంట్ల బాలింత కోసమని కుంపటి లోపల పెట్టిండ్రు, ముసలామె తలనొప్పి, వాంతులు అనుకుంట లేచి తలుపు తీసింది కాబట్టి అందరు బతికిండ్రు. నెగడు బయటనే పెట్టుకోండ్రి, అర్ర వెచ్చగ కావాల్నంటె ఒక కిటికీ తెరిచి ఉంచి కుంపటి పొద్దుమూకి పెట్టి, పండుకునేటప్పుడు బయట పెట్టుండ్రి, కిటికీ కొంచెం తెరిచే ఉంచుండ్రి. బాత్రూంల గ్యాస్ గీజర్ ఉన్నోళ్లు కూడ గాలి పోయేతట్టు చూసుకోవాలె. నీళ్లు కాగవెట్టే రాడ్డు అయితె స్విచ్ బంద్ చేసి, ప్లగ్ తీసినంకనే బకెట్ల చెయ్యి పెట్టాలె, పిల్లలున్న ఇంట్ల ఆ రాడ్డు పెట్టి పక్కకు పోవద్దు.

బట్టల సంగతి తొందరగ చెప్త, ఒక్క లావు స్వెటర్ కంటె రెండు మూడు పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకుంటె వెచ్చగ ఉంటది, చెవులు, పాదాలు మూసుకుంటె సగం సలి పోయినట్టే. బీపీ, ఉబ్బసం ఉన్న పెద్దోళ్లను మబ్బుల, అంటె తెల్లారకముందు, వాకింగ్‌కు పోనీయకుండ్రి, ఎండ వచ్చినంక ఎనిమిది దాటి పొమ్మనుండ్రి. మా బాపు వినడు, మోటర్ పెట్టాల్నని మబ్బులనే లేస్తడు, అందుకే గొంగడి, మంకీ క్యాప్, బ్యాటరీ లైటు మూడు తలుపు పక్క కొయ్యకు తగిలేసి ఉంచుతం, ఎతుక్కునుడు లేకుండ.

పెరుగు తోడుకోదు కదా సలికి. పాలు వేలు పెడితె ఓర్చుకునేంత వెచ్చగ ఉన్నప్పుడే తోడు వెయ్యాలె, మామూలు కంటె కొంచెం ఎక్కువ వేసి, గిన్నెను బియ్యం డబ్బల లోపలికి పెట్టి మూత పెడితె తెల్లారేవరకు గడ్డపెరుగు అయితది. అక్క వాళ్ల దిక్కు డబ్బల పెట్టినా కాదు, గిన్నెకు పాత చెద్దరు చుట్టి పెడుతరు. దోశపిండి కూడ అంతే, రాత్రి కాదు పొద్దుగాలనే రుబ్బి ఎండ తగిలే కాడ పెట్టి మర్నాటికి వాడుకోవాలె.

యాసంగి నారు పోసినోళ్లకు ఈ రాత్రులే కష్టం. సలికి నారు పెరగదు, ఆకు ఎర్రబడుతది, పసుపు పడుతది, అది చూసి యూరియా మీద యూరియా చల్లుతుంటరు, దానితోని ఏం లాభం లేదు. సాయంత్రం ఆకాశం సాఫ్ ఉండి కుడి చెంపకు గాలి తాకిందంటె మడి మీద కర్రలు పాతి వాటి మీద పాలిథీన్ కవర్ గాని, యూరియా బస్తాలు కుట్టిన పట్టా గాని కప్పాలె, నారుకు ఆనకుండ కప్పాలె, పొద్దుగాల ఎండ రాంగనే తియ్యాలె. రాత్రంత సల్లబడ్డ నీళ్లు పొద్దుగాల తీసేసి కొత్త నీళ్లు పెట్టాలె, బాయిల, బోరుల నీళ్లు పైన నీళ్ల కంటె వెచ్చగ ఉంటయి. తుప్పు మచ్చలు కనవడితె జింక్ సల్ఫేట్ లీటర్‌కు 2 గ్రాములు కలిపి కొట్టుకోవచ్చు. బర్రెలకు, దూడలకు గోనెపట్టాలు కప్పి, కొట్టంల నేల తడి లేకుండ వరిగడ్డి పరిస్తె చాలు.

పొగమంచు పడే రోజు అయితె ఫస్ట్ మాట, పోకుండ ఆగగలిగితె ఆగుండ్రి, తొమ్మిది వరకు ఇడుస్తది. తప్పకుంటె హైబీమ్ వెయ్యొద్దు, ఆ వెలుగు మంచుకు కొట్టి మళ్ల మన కండ్లల్లనే పడుతది, లోబీమే వేసి ఎడమ పక్క తెల్లగీత పట్టుకొని మెల్లగ పోవాలె. ముందట లారీ ఎర్రలైటు పట్టుకొని దాని ఎంబడి పోవుడు మస్తు డేంజర్, అది బ్రేక్ కొడితె మనకు జాగ ఉండదు. పార్కింగ్ లైట్లు నాలుగు వేసుకొని నడపకుండ్రి, ఆగినప్పుడే వెయ్యాలె, లేకుంటె మీరు ఎటు మల్లుతున్నరో ఎనుకటోనికి తెల్వదు. కారు అద్దానికి లోపల ఆవిరి పడితె ఏసీ గాలి అద్దం మీదికి తిప్పాలె. మన దిక్కు ఇంకొక భయం ఉన్నది, పత్తి ట్రాక్టర్లు మబ్బులనే ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరుతయి, చాన ట్రాలీలకు ఎనుక లైటు ఉండదు, ట్రాక్టర్ ఉన్నోళ్లు దయచేసి ట్రాలీకి రేడియం స్టిక్కర్ పెద్దది అతికియ్యుండ్రి, వంద రూపాయల పని, ఒక ఇల్లు నిలవడుతది.

పొగమంచు మామిడి పూతకు కూడ పగే. పూత మీద తెల్లగ బూడిద పట్టినట్టు అయితె బూడిద తెగులు, నీళ్లల్ల కరిగే గంధకం లీటర్‌కు 3 గ్రాములు కొడుతరు, పొద్దుగాల మంచు ఆరినంకనే కొట్టాలె.

అన్నిటికంటె నష్టం చేసేది ఈపుకు తాకే గాలి తెచ్చే వాన. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాన్ బాపట్ల దగ్గర తీరం దాటితె దాని వాన మన దాక వచ్చింది, 2025 అక్టోబర్ ఆఖరుల మొంథా వచ్చినప్పుడు కార్తీకమాసంల వరంగల్, హనుమకొండ కాలనీలల్ల నీళ్లు నిండినయి. ఇంకా యాదికి ఉన్నది 2022 జనవరిల సంక్రాంతి ముందట పడ్డ రాళ్లవాన, నర్సంపేట, పరకాల దిక్కు మిరపతోటలు ఒరిగిపోయినయి, అంతకుముందే ఆ ఏడు నల్ల తామర పురుగు తిన్నది, మిగిలిందాన్ని వాన కొట్టింది. ఆ రోజు బాపు చేన్ల నిలవడి ఒక్క మాట మాట్లాడలేదు, నేను ఎన్నడు మర్చిపోను.

అందుకే సముద్రంల అల్పపీడనం అని వార్త వచ్చిన రోజునుంచే, మన దిక్కు ఎండ ఉన్నా సరే, పని మొదలువెట్టాలె. పగిలిన పత్తి అంత ఏరించుకోవాలె, తడిసిన పత్తి రేటు రాదు, పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం ఉంటె పూర్తి ధర ఇస్తరు, 12 దాక తగ్గించి కొంటరు, ఆపైన ఎనుకకు పంపుతరు. ఏరిన పత్తిని ఇంట్ల గోడకు ఆనియ్యకుండ ఎత్తుల పొయ్యాలె. వడ్లకు కొనుగోలు కాడ 17 శాతం తేమ లెక్క, కుప్ప చుట్టు చిన్న కాలువ తీసి నీళ్లు పోయేతట్టు చేస్తె సగం గండం గడుస్తది.

మిర్చి అయితె కింద ఒక టార్పాలిన్, పైన ఒక టార్పాలిన్, కుప్ప నడుమ ఎత్తు వచ్చేతట్టు చేసి రెండు దిక్కులు వాలుగ కప్పాలె, మీద గుంటలు పడి నీళ్లు ఆగొద్దు, అంచులకు రాళ్లు కాదు మట్టిబస్తాలు పెట్టాలె, గాలికి రాయి జారుతది. ఇక్కడ చాన మంది చేసే తప్పు ఏంటిదంటె వాన ఎలిసినంక కూడ మళ్ల వస్తదేమో అని రెండు రోజులు కప్పే ఉంచుతరు, లోపల ఉడుకుపట్టి బూజు వచ్చి కాయ తెల్లబడి తాలు అయితది, తాలుకు సగం రేటు కూడ రాదు. వాన ఆగంగనే, ఎండ లేకున్న సరే, ఒక పక్క తెరిచి గాలి ఆడనియ్యాలె, ఎండ రాంగనే పల్చగ పరిచి తిప్పుతుండాలె. పంట పోతె ఒరిగిన చేను ఫోటోలు అదే రోజు తీసి ఏఈవోకు, అంటె వ్యవసాయ విస్తరణ అధికారికి, చెప్పి రాయించుకోండ్రి, నాలుగు రోజులైనంక చెట్టు మళ్ల లేచినట్టు కనవడుతది, నష్టం రాయరు.

జాతరలకు పొయ్యేటోళ్లకు ఒక మాట. అయినవోలు మల్లన్న దగ్గర సంక్రాంతికి, కేస్లాపూర్ నాగోబా దగ్గర పుష్య అమావాస్యకు, రెండేండ్లకోసారి మేడారంల, రాత్రి చెట్ల కిందనే పండుకుంటం. నేల మీద ముందు వరిగడ్డి, దానిమీద టార్పాలిన్, ఆ మీద చెద్దరు పరవాలె, మీద కప్పే దుప్పటి కంటె కింద పరిచేదే సలిని ఆపుతది. జంపన్న వాగుల తానం చేయించిన పిల్లలకు తల తుడిచి పొడి బట్టలు వేసినంకనే గద్దెల కాడికి తీసుకపోండ్రి.

ఫిబ్రవరి వచ్చిందంటె ఇప్పుడు పగలు ఎండ కొడుతున్నది, 2023 ఫిబ్రవరిల దేశం మొత్తం పగటి ఉష్ణోగ్రత సగటు 1901 నుంచి అప్పటిదాక ఉన్న లెక్కలల్ల అన్నిటికంటె ఎక్కువ. అయినా రాత్రి సలి ఇంకా ఉంటది, అందుకే స్వెటర్లన్ని ఒక్కసారి మూట కట్టకుండ్రి. చెద్దర్లు రెండు రోజులు ఎండల వేసి, యాపాకు వేసి మడత పెట్టుకోండ్రి, మనిషికి ఒక్కటి మాత్రం శివరాత్రి జాగారం అయ్యేదాక బయటనే ఉంచుండ్రి.